తోరిబియో వేసిన కేక

మా మరిది తోరిబియో నాలుగు మాటలు వరసగా మాట్లాడితే ఆ రోజు వాన ఖాయమని తోటి రాతిపనివాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. నేను కాపురానికి రాకముందే మా ఊరి పెద్ద గుడి, కెథడ్రల్, నడిమి గోపురం కూలింది. దాన్ని మళ్ళీ కట్టడానికి వచ్చిన తండ్రులు పోయి, కొడుకులు పరంజాలెక్కారు. మా ఊళ్ళో పిల్లలు పాలకన్నా ముందు రాతిదుమ్ము మింగుతారు. తోరిబియో కప్పు వేసే పనివాడు. గాలిలో వంకరగా వెళ్ళే కమానుల మీద, కింద ఏ ఆధారమూ లేని చోట, రాయి పక్కన రాయి పేర్చడం అతని పని. ఇరవై ఆరేళ్ళు చేశాడు, ఒక్క రాయి తిరిగి తీయించుకోలేదు.

అతని అన్న, మా ఆయన ఫ్రొయిలాన్, దీనికి పూర్తిగా ఎదురు. నోరు మూతపడదు. గనుల నుంచి వచ్చిన రాళ్ళను పరీక్షించేది ఆయనే. చిన్న సుత్తితో కొట్టి చెవి ఆనించి వినేవాడు. మంచి రాయి ఖంగుమంటుంది, లోపల చీలిక ఉంటే బొంగురుపోతుంది.

రాళ్ళు తోలే ఒర్దోన్యో అనేవాడు, వాడి నోట్లో మన్నుపడ, చీలికల్లో మైనం, రాతిపొడి కలిపి కూరి తెచ్చేవాడు. ఒక జులై మధ్యాహ్నం అలాంటి రాయి ఎండలో పడి ఉంది. మైనం కరిగి బొట్లుబొట్లుగా కారుతోంది.

“ఒరేయ్ ఒర్దోన్యో, నీ రాయికి చెమట పడుతోందిరా! పాపం, చాలా దూరం నడిచొచ్చినట్టుంది!” అన్నాడు మా ఆయన.

పనివాళ్ళందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నేను వెల్లుల్లి చారు, రొట్టె పట్టుకుని అప్పుడే వస్తున్నాను. ఒర్దోన్యో కూడా నవ్వాడు. నవ్వుతూనే బండిలోంచి గడ్డపార లాగి మా ఆయన తలమీద కొట్టాడు. ఆయన మోకాళ్ళమీద పడ్డాక రెండోసారి కొట్టాడు. ఆ చప్పుడు ఇంకా నా చెవిలోనే ఉంది. నా చేతిలో కుండ అలాగే ఉంది, చుక్క కూడా ఒలకలేదు. ఎందుకు ఒలకలేదో నాకిప్పటికీ తెలియదు.

జనం తేరుకునేలోపు వాడు గుడి చుట్టూ ఉన్న ఇనప గొలుసు దూకి లోపలికి పోయాడు. ఆ గొలుసు దాటి శరణు జొచ్చినవాణ్ణి రాజుగారి భటులు కూడా ముట్టుకోకూడదు. హంతకుడైనా సరే, దొంగైనా సరే.

నాలుగు నెలలు ఉన్నాడక్కడ. తలవాకిట్లో అపొస్తలుల రాతి బొమ్మల కాళ్ళ దగ్గర పడుకునేవాడు. పుణ్యం మూటగట్టుకునే ముసలమ్మలు శనగల పులుసు తెచ్చి పోసేవాళ్ళు. నేను ఆ దారిన పోతే గొలుసు దాకా వచ్చి నిలబడేవాడు.

“ఏమే లియొకాదియా! నీ మొగుడి తలకాయ గట్టి రాయనుకున్నానే! రెండు దెబ్బలకే మోగడం మానేసింది!”

దొరికిన రాయల్లా విసిరేదాన్ని. భటుడు నా చేతులు విరిచి పట్టుకునేవాడు. వాణ్ణి కాదు, నన్ను! ఇంటికొచ్చి ఆ మంటంతా తోరిబియో మీద కుమ్మరించేదాన్ని.

“నువ్వసలు మగాడివేనా? అన్న నెత్తురు ఇంకా ఆరలేదు, వాడు అక్కడ కూర్చుని పళ్ళు కుట్టుకుంటున్నాడు. నీకు అన్నం ఎలా దిగుతోంది?”

“దిగట్లేదు వదినా,” అనేవాడు. అంతే. నిజంగానే దిగేది కాదు, నాకు కనిపించేది కూడా. అయినా ఊరుకునేదాన్ని కాదు. నాకు వాడి చావు కావాలి. ఇంకేమీ వద్దు.

నవంబరులో మంచు మొదలైంది. ఆ చలికి పచ్చి సున్నం చచ్చిపోతుంది. అందుకని ఏటా కప్పు పని ఆపి, కప్పు పైభాగమంతా గడ్డి, పేడ మందంగా పరుస్తారు. ఆ ఏడు ఎడమవైపు కప్పు పూర్తయింది. కుడివైపు కమానులు మాత్రమే లేచాయి, వాటి మధ్య ఉత్త ఖాళీ. ఆ ఖాళీ మీద సన్నటి పుల్లల తడికలు వేసి, వాటి మీద కూడా గడ్డి కప్పారు. పైనుంచి చూస్తే రెండువైపులా ఒకటే గడ్డి. ఏది ఏదో తోరిబియోకూ కప్పు మీద పనిచేసేవాళ్ళకూ మాత్రమే తెలుసు.

ఆ వారమే, సున్నం అక్కర్లేని పని కదా అని, ముందు మెట్లు కొత్తగా వేయాలని ఫాదర్ల సభ నిర్ణయించింది. కూలీలు గొలుసు స్తంభాలు పెకలించారు. గొలుసు చుట్టచుట్టి ఓ మూల పడేశారు. నేను బజారు నుంచి వస్తూ అది చూశాను.

“గొలుసు లేదు! గొలుసు లేకపోతే శరణూ లేదు! రండ్రా!” అని గొంతు చించుకుని అరిచాను.

చేపలమ్మే ఆడవాళ్ళు కత్తులతో వచ్చారు. బండ్లవాళ్ళు కర్రలతో వచ్చారు. శరణు అనేది గొలుసులో ఉండదనీ, ఆ నేలంతా శరణేననీ ఫాదర్లు తరవాత నెత్తీనోరూ కొట్టుకుని చెప్పారు. అప్పుడు ఎవరికి తెలుసు? మాకూ తెలియదు, ఒర్దోన్యోకూ తెలియదు. బలిపీఠం పట్టుకుని కూర్చుంటే బతికేవాడేమో. వాడు బెదిరిపోయి, అడ్డొచ్చిన బండివాడి చెంప కత్తితో చీరి, మూలనున్న చుట్టుమెట్లెక్కి కప్పు మీదికి పరిగెత్తాడు.

తోరిబియో ముందు మెట్ల దగ్గర పని చేస్తున్నాడు. చేతిలో సుత్తి ఉంది. ఒక్క మాట అనకుండా వాడి వెనకే ఎక్కాడు. నా గుండె పొంగిపోయింది. “చంపు తోరిబియో! చంపు!” అని అరుస్తూ గుడి లోపలికి పరిగెత్తి, కమానుల కింద నిలబడి తల పైకెత్తాను. తడికల సందుల్లోంచి గీతలుగీతలుగా వెలుతురు పడుతోంది. నా వెనక జనం, భటులు, ఇద్దరు ఫాదర్లు. పైన అడుగుల చప్పుడు.

అప్పుడు తోరిబియో గొంతు వినిపించింది. అంత పెద్ద గొంతు అతనికుందని ఎవరికీ తెలియదు.

“ఒర్దోన్యో, ఆగు! కుడివైపు అడుగు పెట్టకు! గడ్డి కింద ఏమీ లేదు! ఎడమవైపు పో, అది గట్టిది!”

అడుగుల చప్పుడు ఆగింది. తరవాత వాడి నవ్వు.

“నీ అన్నను చంపినవాణ్ణి కాపాడతావా? ఎవడి చెవిలో పువ్వులు పెడతావురా!”

పుల్లలు పటపటా విరిగాయి. ముందు గడ్డి రాలింది, ఆ వెంటనే మనిషి పడ్డాడు. రెండు బారల దూరంలో బండల మీద పగిలాడు. నా లంగా నిండా నెత్తురు. నేను ముందుకు పోయి వాడి ముఖం మీద ఉమ్మాను. ఫాదర్ నన్ను వెనక్కి లాగాడు.

కానీ నా కోపం చల్లారలేదు, తోరిబియో మీదికి మళ్ళింది. వాణ్ణి హెచ్చరిస్తాడా? అన్న హంతకుణ్ణి బతికించాలని చూస్తాడా? ఆ సాయంత్రం అతను ఇంటికి రాగానే నా చేతిలో ఉన్న మట్టికుండ అతని తలమీద పగలగొట్టాను. నెత్తురు కారుతుంటే తుడుచుకోలేదు.

“నా గడప తొక్కకు! నీకు నా చేతి మెతుకు ఉండదు!”

వెళ్ళిపోయాడు. రెండేళ్ళు గుడి పక్క కొట్టంలో ఉన్నాడు. ఊరంతా అతన్ని ఆకాశానికెత్తింది. శత్రువును ప్రేమించడమంటే ఇదీ అని ఫాదర్ ప్రసంగం చేశాడు. నా మరిది మాత్రం పూజలో ఫాదర్ పెట్టే దివ్యసత్ప్రసాదం తీసుకోవడానికి లేవడం మానేశాడు. పుణ్యాత్ములకు వినయం ఎక్కువ అన్నారు జనం. నేను పళ్ళు నూరుకున్నాను.

చివరికి కుడివైపు కప్పు పూర్తి కావచ్చింది. కమానులు కలిసే నడిమి రాయి మీద తోరిబియో ముఖమే చెక్కాలని, అదీ అతని చేతే చెక్కించాలని ఫాదర్లు తీర్మానించారు. మర్నాడు మధ్యాహ్నం అతను నా గుమ్మంలో నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు.

“చెక్కలేను వదినా.”

“ఎందుకు చెక్కలేవు? మహాత్ముడివి కదా!”

“వాడు బతుకంతా రాళ్ళ గురించి అబద్ధాలు చెప్పి బతికినవాడు. ఎదుటివాడూ అంతే అనుకుంటాడు. నేను ఎడమంటే కుడికే పోతాడని నాకు తెలుసు. తెలిసే అరిచాను.”

నేను గుమ్మం దాకా వచ్చి అతని ముఖంలోకి చూశాను.

“సుత్తితో కొట్టి చంపుదామనే ఎక్కాను. గడ్డి చూశాక అక్కర్లేదనిపించింది. రెండుసార్లు ఫాదర్ దగ్గర పాపసంకీర్తనం చేసి ఇదంతా ఒప్పుకున్నాను. నిజం చెప్పడం పాపమెలా అవుతుంది నాయనా అని నవ్వి పంపేశారు. అబద్ధం చెప్పి ఉంటే వాడు బతికేవాడు వదినా.”

ఈ మాట వింటే నా కడుపు చల్లబడుతుందని ఎన్ని రోజులు అనుకున్నానో! చల్లబడలేదు. గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూస్తుంటే భయమేసింది, సిగ్గేసింది. చంపు చంపు అని నాలుగు నెలలు పోరినదాన్ని నేను. చంపి వచ్చినవాణ్ణి తల పగలగొట్టి తరిమినదాన్నీ నేనే.

చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి కూర్చోబెట్టాను. గిన్నెలో పులుసు పోసి, రొట్టె తుంచి పెట్టాను.

“ఆ పాపంలో సగం నాది. తిను,” అన్నాను.

తల వంచుకుని తినడం మొదలుపెట్టాడు. మూడో ముద్దకు మోచెయ్యి గిన్నెకు తగిలి పులుసు బల్లంతా ఒలికింది. తుడవడానికి లేచిన నేను గుడ్డ పట్టుకుని అక్కడే కూలబడి, మా ఆయన పోయాక మొదటిసారి ఏడ్చాను.