పదేళ్లలో ముసలైపోయిన హానర్ గావిన్

ఫెస్టీ గావిన్‌కు చావంటే భయం లేదు. చచ్చాక తనను ఎక్కడ పడుకోబెడతారన్నదే ఆయన బెంగ.

మా కిల్‌డర్రాలో సమాధుల తోటలు రెండు. పాతది సరస్సు ఒడ్డున, కూలిపోయిన మఠం గోడల మధ్య ఉంది. కొత్తది పశువుల సంతకు ఎదురుగా, పాత టైర్లు గుట్టపోసే షెడ్డు పక్కన. పాతదాంట్లో చోటు లేదని సమాధుల కమిటీవాళ్లు ఎప్పుడో మూసేశారు. ఇప్పుడు అక్కడ చేరాలంటే మనవాళ్లెవరైనా ముందే పడుకుని ఉండాలి, ఒకరి మీద ఒకరిని పేర్చే ఆ సమాధిలో ఇంకా చోటుండాలి, అది ఎవరి పేరున ఉందో ఆ మనిషి సరేననాలి. ఈ మూడూ కుదిరితేనే సరస్సు గాలి, లేకపోతే టైర్ల వాసన.

"నలభై ఏళ్లు ఆవుల వెనకాల నిలబడ్డాను. పోయాకైనా వాటి అరుపులు వినకుండా పడుకోనివ్వరా?" అనేవాడు ఫెస్టీ, పబ్బులో ఎవరు దొరికితే వాళ్లతో.

ఆయన ఉద్యోగం అలాంటిది. ఎదకొచ్చిన ఆవులకు సూది వేయడం. చిన్న కారులో ఆబోతు వీర్యం ఉంచిన మంచుడబ్బా పెట్టుకుని ఊరూరా తిరిగేవాడు. 'కారులో వచ్చే ఆబోతు' అని జనం వెనకాల నవ్వుకునేవాళ్లు, ముందు కూడా నవ్వుకునేవాళ్లు. ఏ దూడను చూపించినా దాని తండ్రి, తాత, ముత్తాతల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. తన వంశం అడిగితే మాత్రం తాత దగ్గర ఆగిపోయేవాడు.

ఆవుల అరుపులన్నది పబ్బులో చెప్పుకునే మాట. అసలు బాధ వేరే. పనికోసం సముద్రం దాటి మాంచెస్టర్ వెళ్లిన తండ్రి అక్కడి మట్టిలోనే కలిసిపోయాడు. తల్లి స్లైగో మనిషి, పోయేముందు పుట్టింటివాళ్ల దగ్గరికే తీసుకెళ్లమంది. తాతను ఆయన తండ్రి పుట్టిన దీవిలో పూడ్చారు. ఫెస్టీ పెళ్లి చేసుకోలేదు. డెబ్బై ఎనిమిదేళ్లు వచ్చాయి, పక్కన తనవాళ్లంటూ ఒక్కరూ లేకుండా ఒంటరిగా పడుకోవాలంటే ఆయనకు నిజంగా భయం వేసేది. కొత్త తోటలో తన రాయి మీద ఒకే ఒక్క పేరు ఉంటుందని తలుచుకుంటే అన్నం సహించేది కాదు.

ఉన్న ఆశల్లా ఒక్కటే. తాత చిన్నప్పుడు ఒకమాట చెప్పాడు: తాత తల్లి హానర్ కాస్టెల్లోల ఆడపడుచనీ, మొగుడు పరాయి దీవి మనిషి కాబట్టి పోయాక సొంతవాళ్ల దగ్గరే పడుకుంటానని పట్టుబట్టి, సరస్సు ఒడ్డున కాస్టెల్లోల సమాధిలోనే చేరిందనీ. ఆ సమాధి ఇప్పుడు డీలియా కాస్టెల్లో పేరున ఉంది. చిక్కంతా అక్కడే ఉంది.

ఫెస్టీకీ డీలియాకీ ముప్పై ఏళ్లుగా మాటల్లేవు. డీలియా అన్న మాలకీ కొండగొర్రెలకు ప్రభుత్వం తలకింతని సాయం ఇచ్చే రోజుల్లో ఒకే మందను పొద్దున ఈ కొండ మీద లెక్కపెట్టించి, అధికారికి ఇంట్లో టీ ఇచ్చి కూర్చోబెట్టి, ఈలోగా దాన్ని అవతలి కొండకు తోలి మళ్లీ లెక్కపెట్టించాడు. ఊరంతా చేసిన పనే. కానీ ఫెస్టీ ఊరుకోలేదు. నడిసంతలో నిలబడి, "మా గావిన్ల రక్తంలో అబద్ధం చెప్పి సర్కారు సొమ్ము తిన్నవాడు ఇంతవరకు పుట్టలేదు!" అన్నాడు. ఆ మాట ఆయనకే ఎంత నచ్చిందంటే, అప్పట్నుంచి పెళ్లిళ్లలో అన్నాడు, చావు ఇళ్లల్లో కూడా అన్నాడు. డీలియా విన్న ప్రతిసారీ మొహం తిప్పుకునేది.

మంగళవారం సాయంత్రాలు చర్చి హాల్లో మా పూర్వీకుల సంఘం కూర్చుంటుంది. పాత లైబ్రరీలో పనిచేసి రిటైరైన అట్రాక్టా ఫీనీ దాన్ని నడుపుతుంది. ఎవరికి దొరికిన ముక్క వాళ్లు తెస్తారు, అట్రాక్టా ల్యాప్‌టాప్‌లో అన్నిటినీ కలిపి ఒకే వంశవృక్షం కడుతుంది, ఆ చెట్టు అందరిదీ. టీ ఉంటుంది, ఎండుద్రాక్ష రొట్టె ఉంటుంది. ఆ రొట్టె చేసి తెచ్చేది డీలియా. అందరికీ తలా ముక్క పెట్టి, ఫెస్టీ కుర్చీ దగ్గరికి వచ్చేసరికి పళ్లెంలో ఏదో వెతుక్కుంటున్నట్టు ముందుకు సాగిపోయేది.

ఒక మంగళవారం ఫెస్టీ లేచి తన ముత్తవ్వ సంగతి చెప్పాడు. అట్రాక్టా వెంటనే 1901 జనాభా లెక్కలు తెర మీద పెట్టింది. గావిన్ల ఇల్లు దొరికింది. హానర్ గావిన్, వయసు యాభై.

"మా సమాధి రాయి మీద హానర్ కాస్టెల్లో అని ఉన్నమాట నిజమే," అంది డీలియా, ఫెస్టీ వైపు కాక కిటికీ వైపు చూస్తూ. "ఆ కాలంలో పెళ్లయినా ఆడవాళ్లకు పుట్టింటి పేరే రాసేవాళ్లు, కాబట్టి పేరుతో పేచీ లేదు. కానీ ఆవిడ పోయింది 1912లో, డెబ్బై మూడేళ్ల వయసులో. ఈయనగారి హానర్‌కి అప్పటికి అరవై ఒకటి. అయిదారేళ్ల తేడా అయితే రాసినవాడి పొరపాటు అనుకుందుం. పన్నెండేళ్లా? మా హానర్ పెళ్లికాని మేనత్త ఎవరో అయ్యుంటుంది. ఆ సమాధిలో గావిన్లు ఎవరూ లేరు."

"ఉంది," అన్నాడు ఫెస్టీ.

"లెక్కలు అబద్ధం చెబుతాయా ఏం? గావిన్లు అసలు చెప్పరు కదా, అది మాకు ముప్పై ఏళ్లుగా వినబడుతూనే ఉంది."

హాలంతా గొల్లుమని నవ్వింది. ఫెస్టీ టోపీ తీసుకుని టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే అట్రాక్టా ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆయన ఇంటికి వచ్చింది. ఆమె మొహం వెలిగిపోతోంది.

"1911 లెక్కలు కూడా చూశానండీ. అదే ఇల్లు, అదే మొగుడు, అవే పిల్లలు. మొగుడికి పదేళ్లు పెరిగాయి, పిల్లలకీ పదేళ్లే. మీ ముత్తవ్వకి మాత్రం ఇరవై రెండు పెరిగాయి. డెబ్బై రెండు అని రాసుంది! ఏడాది తర్వాత డెబ్బై మూడు. రాయితో అతికినట్టు సరిపోయింది."

ఫెస్టీ కాసేపు తెర వంక చూశాడు. "పాపం, చాలా కష్టాలు పడిందేమో."

"కష్టాలు పడితే జుట్టు తెల్లబడుతుంది గానీ పుట్టిన సంవత్సరం మారదు కదండీ." అట్రాక్టా గొంతు తగ్గించింది. "1909లో ముసలివాళ్ల పెన్షన్ మొదలైంది. డెబ్బై నిండినవాళ్లకి వారానికి అయిదు షిల్లింగులు. పుట్టినరోజు కాగితాలు ఎవరి దగ్గరా లేవు. అప్పటికి మీ ముత్తవ్వకి నిజంగా యాభై ఎనిమిది..."

ఆమె వాక్యం పూర్తి చేయలేదు. చేయక్కర్లేకపోయింది. ఫెస్టీ మొహంలో రంగులు మారాయి.

"మరియమ్మ తల్లీ! పన్నెండేళ్లు కలిపి దొంగలెక్క రాయించిందా?"

"మన ఊళ్లో ఆవిడ ఒక్కతే అనుకోకండి."

"నాకు మిగతావాళ్లతో పనేంటమ్మా! నడిసంతలో నేను అరిచిన అరుపేంటి! ఇంకో కారణం ఏదైనా దొరకదా? రాసినవాడు తాగి ఉన్నాడనుకో. కళ్లజోడు మర్చిపోయాడనుకో."

"ఆ డెబ్బై రెండు లేకపోతే మీకు ఆ సమాధీ లేదు," అంది అట్రాక్టా మెల్లగా. "చెట్టు అందరిదీ, ఎక్కించానంటే అందరూ చూస్తారు. అందుకే ముందు మీ దగ్గరికి వచ్చాను. మీరు వద్దంటే ఈ ముక్క నా దగ్గరే ఉండిపోతుంది."

ఆమె వెళ్లాక ఫెస్టీ ఆ వారమంతా మనిషి కాలేదు. పరువా, పక్కన మనిషా? పరువు ఉంచుకుంటే టైర్ల షెడ్డు పక్కన ఒంటరిగా పడుకోవాలి. సరస్సు ఒడ్డుకు చేరాలంటే డీలియా కాస్టెల్లో ముందు నిలబడి, మా ముత్తవ్వ సర్కారును మోసం చేసిందని నోటితో చెప్పాలి. ఆమె ముఖంలో వచ్చే ఆ నవ్వు ఆయనకు ఇప్పుడే కనబడుతోంది. ఒకసారి ముత్తవ్వ మీద కోపం వచ్చింది. అంతలోనే, పొలంలో రాళ్లు తప్ప ఏమీ లేని ఇంట్లో వారానికి అయిదు షిల్లింగులంటే ఎంతో గుర్తొచ్చి, కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు.

శనివారం కొత్త తోటలో ఒకరి అంత్యక్రియలు. ఫాదర్ ప్రార్థన మొదలుపెట్టగానే సంతలో ఒక కోడెదూడ అరుపు అందుకుంది. ఫాదర్ గొంతు పెంచాడు, అదీ పెంచింది. చివరికి ఫాదరే ఓడిపోయి, మిగతాది మనసులో చదువుకోండన్నాడు. దాని తాత పేరు కూడా ఫెస్టీకి తెలుసు. అక్కడే నిర్ణయం అయిపోయింది.

మంగళవారం హాల్లో ఆయన లేచి నిలబడ్డాడు. టోపీ చేతుల్లో నలిగిపోతోంది.

"నేను ఒకమాట చాలాసార్లు అన్నాను. మీరందరూ విన్నారు. ఎక్కువే విన్నారు." టోపీ కుర్చీ మీద పెట్టేశాడు. "ఆ మాట తప్పు. మా ముత్తవ్వ హానర్ పన్నెండేళ్లు ఎక్కువ చెప్పి పెన్షన్ తీసుకుంది. గావిన్ల రక్తం కూడా అందరి రక్తమే. ఇక నవ్వుకోండి."

ఎవరూ నవ్వలేదు. అట్రాక్టా తెర మీద డెబ్బై రెండు కనబడింది. డీలియా చేతిలో పళ్లెం పట్టుకుని నిలబడిపోయింది.

"హానర్‌ని మీ ఇంట్లో ఏమని పిలిచేవాళ్లు?" అంది. ముప్పై ఏళ్లలో ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది.

"నోనీ అని. మా తాత ఎప్పుడూ మా అమ్మ నోనీ అనేవాడు."

డీలియా పళ్లెం బల్ల మీద పెట్టేసింది. "ఏసుప్రభో! మా క్రిస్మస్ కథలో నోనీ!"

అందరూ కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు.

"మా ఇంట్లో ప్రతి క్రిస్మస్‌కీ చెప్పుకుంటారు," అంది డీలియా. "పెన్షన్ ఆఫీసరు సైకిలు మీద వచ్చాడట. పొయ్యి దగ్గర మా ముత్తవ్వ మార్గరెట్ కూర్చునుంది, పక్కన నోనీ అని ఒకావిడ. ఆవిడెవరో మాకెవరికీ తెలీదు, పక్కింటి మనిషి కాబోలు అనుకునేవాళ్లం. 1839 పెద్దగాలి నీకు గుర్తుందామ్మా అని నోనీని అడిగాడు. ఆ గాలికి ఈ చుట్టుపక్కల కప్పులన్నీ లేచిపోయాయి కదా, అది గుర్తుంటే డెబ్బై నిండినట్టే లెక్క. నోనీ నోరు తెరిచిందట, మూసిందట. అబద్ధం పెగల్లేదు. ఏడుపొక్కటే తక్కువ."

"అబద్ధం పెగల్లేదా?" ఫెస్టీ కుర్చీ అంచుకొచ్చాడు.

"గావిన్లింటి కోడలు కదూ! అప్పుడు మా మార్గరెట్ అందుకుంది. దానికెలా గుర్తుంటుందయ్యా, అప్పటికి చంటిపిల్ల! కప్పు లేచిపోతుంటే దుప్పట్లో చుట్టి, గోడ చాటున రాత్రంతా ఎత్తుకు కూర్చున్నది నేను కదూ! అంది. ఆఫీసరు చక్కగా రాసుకున్నాడు. రాసుకుని తల ఎత్తి, అయితే అమ్మా, మరి నీ వయసెంత అన్నాడు."

నవ్వులకు హాలు పైకప్పు ఎగిరిపోయింది. అట్రాక్టా వేళ్లు ఆగలేదు. కాస్టెల్లోల ఇల్లు తెర మీదికి వచ్చింది. మార్గరెట్, 1901లో నలభై అయిదు. 1911లో ఎనభై.

"పదేళ్లలో ముప్పై అయిదేళ్లు!" ఫెస్టీ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. "మావాళ్లు పన్నెండేళ్లే దొంగిలించారు డీలియా! మీవాళ్లు పాతికేళ్లు!"

"దొంగిలిస్తే దొంగిలించారు. మీ ముత్తవ్వ కోసమే కదా! ఆవిడ నోరు విప్పుంటే మావిడకు ఆ ఖర్మేం?"

ఆ తర్వాత ఎవరూ మాట వినలేదు. "మావాళ్లది చూడండి", "ముందు మాది" అని అట్రాక్టా మీద పడ్డారు. ఆ పదేళ్లలో మా ఊళ్లో సగంమంది ఇరవై ఏళ్లు పెరిగారు. ఒక ఇంట్లో ఇల్లాలు కొడుకు పుట్టేనాటికి అరవై నాలుగేళ్లదై కూర్చుంది. ఫాదర్ తన ఇంటిపేరు వెతకొద్దని ముందే చెప్పి బయటికి వెళ్లిపోయాడు.

ఆదివారం పూజ అయ్యాక డీలియా, ఫెస్టీ సరస్సు ఒడ్డుకు వెళ్లారు. కమిటీ కాగితం మీద సంతకం పెట్టేముందు చోటు చూసుకోవాలంది ఆమె. రాయి మీది నాచు గోరుతో గీకింది. హానర్ కాస్టెల్లో, 1912, డెబ్బై మూడు.

"ఇది చెక్కించింది మీవాళ్లే కదా," అన్నాడు ఫెస్టీ. "చచ్చిపోయాక కూడా వయసు ఎందుకు మార్చలేదు?"

"ఆఫీసరు దారినపోతూ చూస్తే? ఇచ్చిన సొమ్మంతా వెనక్కి కట్టమని మీ ఇంటి మీదికి వచ్చుండేవాడు."

ఫెస్టీ ఆ అంకెల మీద వేలు పెట్టాడు. తన ముత్తవ్వ కోసం కాస్టెల్లోలు రాతి మీద అబద్ధం చెక్కించారు. ఆ అబద్ధాన్ని వందేళ్లుగా వాన తడిపింది. ఆ రాయిని సంతలో తాను అరిచిన మాట పక్కన పెట్టుకుని చూశాడు. సిగ్గేసింది. కళ్లు కూడా తడిశాయి, దాన్ని గాలి మీదికి నెట్టేశాడు.

"మాలకీ సంగతి... నేనలా అనకుండా ఉండాల్సింది."

"అనకుండా ఉండాల్సింది." డీలియా ఒప్పేసుకుంది. "వాడు కొత్త తోటలో పెళ్లాం పక్కన ఉన్నాడు. ఇక్కడ ఇంకా ఇద్దరికే చోటుందట. ఒకటి నాది. నాకూ ఎవరూ లేరు కదా, ఇన్నాళ్లూ రెండోది ఖాళీగానే పోతుందనుకున్నాను."

ఫెస్టీ టోపీ తీశాడు. "అయితే ఆ రెండోది... మీవాళ్లతో పాటు నన్ను..."

"జాగ్రత్త ఫెస్టీ. మా తాతల కాలంలో ఈ వైపు మగవాళ్లు పెళ్లికి అడిగిన తీరు ఇదే. మావాళ్ల పక్కన పడుకుంటావా అని."

ఆయన చెవుల దాకా ఎర్రబడిపోయాడు. ఆమె ఆయన వీపునే బల్లగా చేసుకుని, కాగితం పెట్టి సంతకం చేసింది. కాగితం చేతికిచ్చింది గానీ అంచు మాత్రం వెంటనే వదల్లేదు.

"ముందు పోయినవాళ్లు కింద, తర్వాత వచ్చినవాళ్లు పైన. తీర్పుదినం దాకా అంతే," అంది. "రేపు సాయంత్రం ఇంటికి రా. ముప్పై ఏళ్ల మాటలు బాకీ ఉన్నాయి, అక్కడికి వెళ్లాక ఎవరూ నోరు విప్పరు."