గంపెక్కిన అత్త

మా పేటలో దాలమ్మ చేపల గంప నెత్తికెత్తుకుందంటే సంత చేరేదాకా దించదు. చేతులు వదిలేసి, నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డచుట్ట పీలుస్తూ, బస్సుకన్నా ముందే సోంపేటలో ఉంటుంది. నమ్మకపోతే డ్రైవరునే అడగండి. అలాంటి మనిషి, పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో తుఫాను వస్తోంది, మెట్టకు పొమ్మని దండోరా వేసినా కదల్లేదు. కాళ్లు పడిపోయిన అత్త కూర్మమ్మ మొండికేసింది మరి. పేటకు పెద్ద ఆవిడే. ఆవిడ కదలకపోతే వీధిలో ఒక్కరూ కదలరు.

"మగోళ్ల బుజాలెక్కేది సచ్చినోళ్లే. నానెక్కను," అంది ముసలమ్మ.

"మగోళ్లెందుకత్తా, నాను లేనా?" అంటూ దాలమ్మ గంపలో దుప్పటి పరిచింది.

"ఒసే, నన్ను సేపల్లాగ మోస్తావేటే?"

"సేపలైతే బేరమొస్తాది. నిన్నెవులు కొంతారు?"

ముసలమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే దాలమ్మ ఆవిడను గంపలో కూర్చోబెట్టి తలకెత్తుకుంది. ఎదురుగాలికి కొబ్బరిచెట్లు వంగాయి గాని దాలమ్మ మెడ వంగలేదు. సాయం పట్టబోయిన మరిది గంగులుని, "సెయ్యి తియ్యరా, పడిపోతాదనుకున్నావేటి?" అని కసిరింది.

పైనుంచి కూర్మమ్మ, అంబారీ ఎక్కినంత దర్జాగా, ఇంటింటికీ కేకేసింది.

"ఏటి సూస్తన్నార్రా? నా కోడలు నడుస్తంది, ఎనకాల రండి!"

పిల్లల్ని చంకనేసుకుని వీధి వీధంతా మెట్టకు కదిలింది.