పెళ్ళయిందా అని అడిగే మత్తు డాక్టరు

మా మత్తు డాక్టరుగారికి ఉన్నది ఒక్కటే జబ్బు: అడగడం. ఆపరేషన్‌కి ముందు మత్తు ఇచ్చే మనిషి రెండు ముక్కలు అడిగి, సూది గుచ్చి, తన పని చూసుకోవాలా వద్దా? ఈయన మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడంటే పేషెంటు తాతగారి దగ్గుదాకా వెళ్ళందే లేవడు. ఆపరేషన్ థియేటర్‌లో హెడ్ నర్సుగా పదహారేళ్ళు ఆయనతో వేగాను. 'ఆరా డాక్టరు' అని పేరు పెట్టింది కూడా నేనే.

"మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?"

"మా ఇంటికి మెట్లు లేవండీ."

"ఉంటే?"

ఇదీ వరస! ఉంటే అట, ఉంటే! లేని మెట్ల గురించి పేషెంటు ఆలోచనలో పడతాడు. అవతల సర్జన్‌గారు చేతులు కడుక్కుని, గ్లవ్స్ తొడుక్కుని, "సిస్టర్, ఇవాళ కోస్తామా, రేపా?" అని నా మీద పళ్ళు నూరుతుంటారు. స్టూలు దిగనిది ఆయన, తిట్లు తినేది నేను.

ఓ రోజు ఒళ్ళు మండి ఓ ఉపాయం చేశాను. పొద్దున్నే పేషెంట్ల దగ్గరికెళ్ళి, "ఆయన ఏమడిగినా లేదనండి, తొందరగా అయిపోతుంది" అని చెవిలో వేయడం మొదలుపెట్టాను. దివ్యంగా పనిచేసింది. రెండు వారాలపాటు ఆపరేషన్లన్నీ టైముకి మొదలయ్యాయి. సర్జన్‌గారు నన్ను చూసి నవ్వారు కూడా.

అప్పుడు వచ్చాడు బస్సు డ్రైవరు. పిత్తాశయంలో రాళ్ళు, పైగా చీము పట్టింది, వాయిదా వేసే వీల్లేదు.

"ఛాతీలో ఎప్పుడైనా నొప్పి వచ్చిందా?"

"లేదు."

"సిగరెట్టు?"

"లేదు." వేళ్ళేమో పొగచూరి పచ్చగా ఉన్నాయి.

"పెళ్ళయిందా?"

"లేదు."

అప్పుడే గుమ్మంలోకి వచ్చిన భార్య గయ్యిమంది. "ముగ్గురు పిల్లల్ని కన్నాక ఇదేం మాటండీ!"

డాక్టరు నావైపు చూశాడు. నేను ఆవిడని బయటికి పంపేసి, సీలింగ్ ఫ్యాన్ వైపు చూశాను. ఆయన మళ్ళీ మొదటినుంచి, నిదానంగా అడిగాడు. సిగరెట్లు ఒప్పుకున్నాడు, పెళ్ళి ఒప్పుకున్నాడు, నొప్పి మాత్రం లేదంటే లేదన్నాడు డ్రైవరు. ఈసీజీ కూడా బాగానే ఉంది.

"సిస్టర్, నైట్రోగ్లిజరిన్ సిద్ధంగా పెట్టండి. షాకిచ్చే మిషను కూడా దగ్గరికి తెప్పించండి."

"రాళ్ళ ఆపరేషన్‌కి గుండె మందు, షాకు మిషనూ ఎందుకండీ?" అని విసుక్కుంటూనే పెట్టాను.

సగం పని అయింది. సర్జన్‌గారు పిత్తాశయాన్ని పట్టుకుని లాగుతుండగా మానిటర్ మీద గీత పైకి లేచింది. గుండె చప్పుడు తడబడింది. రెండుసార్లు కొట్టుకుని ఒకసారి మానేసింది.

"చేతులు తీసేయండి!" మా ఆరా డాక్టరుకి అడగడమే కాదు, అరవడం కూడా వచ్చని అప్పుడే తెలిసింది.

గుండెకి రక్తం తీసుకెళ్ళే నాళం బిగుసుకుపోయిందట. లోపల పూడిక ఏమీ లేకపోయినా, పిడికిలి బిగించినట్టు బిగుసుకుంటుందట. మందు ఎక్కుతోంది, గీత దిగడం లేదు. బయట కూర్చున్నావిడకి ఏం మొహం పెట్టుకుని చెప్పను? నాలుగు నిమిషాలకి గీత దిగింది, చప్పుడు దారిలో పడింది. మరికాసేపు చూసి, మెల్లగా ఆపరేషన్ పూర్తిచేశారు.

మనిషి క్షేమమని చెప్పడానికి వెళ్తే భార్య ఏడుస్తూనే అసలు సంగతి బయటపెట్టింది. "తెల్లారగట్ల లేచి ఛాతీ పట్టుకుని కూర్చుంటారండీ. ఐదు నిమిషాల్లో తగ్గిపోతుంది. డాక్టరుగారికి చెప్పమంటే, 'నర్సమ్మ లేదనమంది కదే' అన్నారు."

లోపల సర్జన్‌గారు మత్తు డాక్టరు మీద విరుచుకుపడుతున్నారు. "ఊళ్ళో సంగతులన్నీ అడుగుతారు, ఈ ఒక్కటీ తెలుసుకోలేకపోయారా?"

"తప్పు నాదే. సరిగ్గా అడగలేకపోయాను" అన్నాడాయన, తల దించుకుని.

ఆయన్ని వరండాలో పట్టుకున్నాను. "నేను వాళ్ళని లేదనమంటున్నానని మీకు ముందే తెలుసు కదూ?"

"వరసగా పదకొండుమంది పెళ్ళి కాలేదన్నారు సిస్టర్. అందులో ఇద్దరు కాన్పుకొచ్చినవాళ్ళు! మీరు థియేటర్ సర్దడానికి వెళ్ళగానే మళ్ళీ వెళ్ళి, టైము దాటకుండా అందరినీ అడుగుతూనే ఉన్నాను. ఈయన ఒక్కడే లొంగలేదు."

"మరి నా పేరు చెప్పలేదేం?"

"చెబితే మిమ్మల్ని వేరే వార్డుకి మార్చేస్తారు. కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను భరించొద్దూ?"

సిగ్గుతో చచ్చిపోయాను. తిన్నగా సర్జన్‌గారి గదికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన ఇంతెత్తున లేచారు. తిట్లు సగంలో ఉండగా మా ఆరా డాక్టరు స్టూలు పట్టుకుని లోపలికి వచ్చి, ఆయన ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు.

"సర్జన్‌గారూ, ఈవిడ ఎన్నేళ్ళుగా ఇక్కడున్నారు? ఎన్నిసార్లు మీ తప్పు తనమీద వేసుకున్నారు? మీరు మధ్యాహ్నం భోజనం చేశారా? ఎన్నింటికి? కోపం వస్తే గుండె దడగా ఉంటుందా?"

"లేదు!"

"మెట్లెక్కితే?"

సర్జన్‌గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, నాకు దణ్ణం పెట్టారు. "సిస్టర్, మిమ్మల్ని క్షమించేశాను. ముందు ఈయన్ని ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళండి తల్లీ!"