కంపెనీ చిరునామా

ఆ పొద్దున నాగేశ్వరి ఫోనుకు పోస్టాఫీసు వాళ్ల మెసేజ్ వచ్చింది. ఆమె డ్రైవింగ్ లైసెన్స్ ఉన్న కవరు డెలివరీకి బయలుదేరిందట. ఇంకొకరైతే పోస్ట్‌మ్యాన్ వచ్చేదాకా ఇంట్లో హాయిగా టీ తాగుతూ కూర్చునేవాళ్లు. నాగేశ్వరికి మాత్రం కాళ్లూ చేతులూ ఆడలేదు. ఎందుకంటే ఆ కవరు వెళ్తున్నది రహమత్‌నగర్‌లో ఆమె ఉంటున్న గదికి కాదు. ఫిల్మ్‌నగర్‌లో ఆమె పన్నెండేళ్లుగా గడప తొక్కని ఒక బంగళాకి.

కూతురు చిన్నికి ఈ సంగతి చెప్పలేదు. ఇంటర్ చదివే పిల్లకు తల్లి భయాలు దేనికని, షూటింగ్ ఉందని అబద్ధమాడి, ఉన్న చీరల్లో కాస్త మంచిది కట్టుకుని బయటపడింది. సందు చివర ఆటో ఎక్కింది.

ఆ బంగళా సంగతి చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. నాగేశ్వరిది తుని దగ్గర పల్లె. పద్దెనిమిదేళ్లకే జూనియర్ ఆర్టిస్టుగా ఇక్కడికి వచ్చింది. మనిషి పొడగరి, హీరోయిన్ల కొలతలకు సరిపోయే ఒడ్డూ పొడుగూ. ఒకసారి ఒక హీరోయిన్ జీపు నడపాల్సి వచ్చి, ఆ అమ్మాయికి స్టీరింగ్ పట్టుకోవడమే రాకపోతే, ఫైటర్లు నాగేశ్వరిని ఖాళీ స్థలంలోకి తీసుకెళ్లి రెండు రోజుల్లో నేర్పేశారు. అప్పట్నుంచి తెరమీద కారు దూసుకుపోతుంటే వెనక నుంచి కనిపించే హీరోయిన్ ఎవరైనా సరే, ఆ వీపు నాగేశ్వరిదే. లైసెన్స్ ఉందా అని ఆమెను అడిగినవాడు లేడు. కెమెరా ముందు అలాంటివి ఎవరూ అడగరు.

ఆమె ఎక్కువగా పనిచేసిన కంపెనీ ఆఫీసు ఆ బంగళాలోనే ఉండేది. భర్త వదిలేసి వెళ్లిపోయినప్పుడు చిన్నిని చంకనేసుకుని, దాని వెనక కాస్ట్యూమ్స్ గదిలో రెండేళ్లు తలదాచుకుంది. అప్పుడే ఒకరోజు ఆధార్ తీసేవాళ్లు షూటింగ్ జరిగే చోటికే వచ్చారు. ప్రొడక్షన్ మేనేజర్ కాశీవిశ్వనాథం యూనిట్ మొత్తాన్నీ వరసలో నిలబెట్టి, అందరూ కంపెనీ చిరునామాయే రాయించండని గట్టిగా చెప్పాడు. మీ గదులు ఏడాదికోసారి మారతాయి, కంపెనీ ఎక్కడికీ పోదు అన్నాడాయన. రెండు సినిమాలు పోతే కంపెనీకి తాళం పడుతుందని బయట చిన్నపిల్లలక్కూడా తెలుసు. సినిమావాళ్లకు మాత్రం తెలియదు. లైట్‌బాయ్ నుంచి డాన్స్ మాస్టర్ దాకా బ్యాంకుకూ గ్యాసుకూ ఆధార్‌కూ అందరిదీ అదే చిరునామా. ఎవరికి ఏ ఉత్తరం వచ్చినా ఆఫీసు బల్ల మీద డబ్బాలో పడేసేవారు, వెళ్లి వెతుక్కునేవాళ్లు. నాగేశ్వరికి మరో విశేషం కూడా జరిగింది. ఆ రోజు ఆమెకు గుంపులో ముసలమ్మ వేషం. జుట్టుకు తెల్లపొడి, బుగ్గల మీద గీతలు. ఆ అవతారంతోనే ఫోటో దిగింది. ఆధార్ కార్డులో ఇరవై ఆరేళ్ల మనిషి అరవై ఏళ్లదానిలా ఉంటుంది.

రెండు కాదు, మూడు సినిమాలు పోయాయి. కంపెనీ మూతపడింది, బంగళా చేతులు మారింది. కాశీవిశ్వనాథం ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. నాగేశ్వరి బోరబండలో కొన్నాళ్లు, ఎర్రగడ్డలో కొన్నాళ్లు, ఇప్పుడు రహమత్‌నగర్‌లో. కార్డు మీద చిరునామా మాత్రం కదల్లేదు. డూప్ వేషాలు తగ్గిపోయాయి. ఆ వీపు ఇప్పుడు వేరే పిల్లలది.

అలాంటి రోజుల్లో శకుంతలమ్మ కబురు పెట్టింది. ఒకప్పుడు తల్లి వేషాలు వేసిన ఆవిడ, ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో ఉంటూ డబ్బింగులు చెబుతుంది. మగ డ్రైవర్లతో విసిగిపోయి, ఆడమనిషి కావాలనుకుంది. నాగేశ్వరి కారు నడిపే నేర్పు ఆవిడకు తెలుసు. జీతం నెల నెలా, ఆరోగ్యం బాగాలేకపోతే సెలవు కూడా. ఒక్కటే షరతు, లైసెన్స్ కార్డు కంటితో చూశాకే కారు తాళం చేతికిస్తానంది. ఫోనులో బొమ్మ చూపిస్తే కుదరదంది. ఈ నెలాఖరు దాకా ఆగుతాననీ, ఆ తర్వాత వేరే మనిషిని చూసుకుంటాననీ నిక్కచ్చిగా చెప్పేసింది.

లైసెన్స్‌కు నువ్వెవరివో చూపాలి, ఎక్కడుంటున్నావో చూపాలి. నాగేశ్వరి ముందు నిజాయితీగానే వెళ్లింది. ఆధార్‌లో చిరునామా మార్చుకోవడానికి కిరాయి అగ్రిమెంటు రాసివ్వమని ఇంటి ఓనరు బాలనర్సయ్యను బతిమాలింది. ఆయన చెడ్డవాడు కాదు. పండక్కి చిన్నికి గాజులు కూడా కొనిచ్చాడు. కానీ కాగితం అనేసరికి ముఖం మారిపోయింది.

"కిరాయికుండు, పదేండ్లుండు, నాకు ఫికర్ లేదు. కాయితం మాత్రం రాయను బిడ్డా. మా గల్లీల ఒకాయన గట్లనే రాసిచ్చి, ఇయ్యాల్టికీ కోర్టు చుట్టు తిరుగుతుండు."

కరెంటు బిల్లు ఆయన పేరు మీదే ఉంది. మరో దారేదీ ఆమెకు తోచలేదు. చివరికి పాత ఆధార్‌తోనే దరఖాస్తు పెట్టింది. ఆర్టీవో ఆఫీసు కౌంటరులో కూర్చున్నాయన కార్డునూ ఆమెనూ మార్చి మార్చి చూసి, ఇదే ఇంట్లో ఉంటున్నారా అని అడిగాడు. నాగేశ్వరి తల ఊపింది. నోటితో ఏమీ అనలేదు, తల మాత్రం ఊపింది. ఆ తర్వాత టెస్టు ట్రాక్ మీద కారును ఎనిమిది అంకెలా తిప్పడం ఆమెకు ఓ లెక్కే కాదు. ఊపిన ఆ తలే ఆమెను రాత్రిళ్లు నిద్రపోనివ్వలేదు. దానికి తోడు ఆఫీసు బయట తిరిగే ఏజెంటు ఒకడు ఉచితంగా ఒక సలహా పారేశాడు. కార్డు పోస్టులోనే వస్తుందనీ, ఇంట్లో మనిషి లేదని వాపసు పోతే ఎంక్వైరీ వేస్తారనీ, తప్పు చిరునామా ఇచ్చినందుకు కేసు పెట్టి లోపల వేస్తారనీ చెప్పాడు. అందులో ఎంత నిజమో వాడికీ తెలిసి ఉండదు. నాగేశ్వరి మాత్రం ప్రతి మాటా నమ్మింది.

అందుకే ఇప్పుడు ఆ బంగళా ఎదురుగా ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడి ఉంది. పాత ఇనుప గేటు పోయి మనిషి కంటే ఎత్తైన చెక్క గేటు వచ్చింది. పైన కెమెరా. పక్కన నల్లరాతి పలక మీద ప్లాట్ నంబరు, దాని కింద ఒక పళ్ల డాక్టరమ్మ పేరు. నంబరు మాత్రం పాతదే. పోస్ట్‌మ్యాన్ గేటు దాకా రాకముందే పట్టుకుని, నేనే నాగేశ్వరిని, ఇప్పుడే బయటికొచ్చాను అనాలని దారంతా వల్లె వేసుకుంది. కెమెరా వంక చూడకూడదనుకుంటూనే నాలుగుసార్లు చూసింది.

వాచ్‌మన్ ఒకసారి వచ్చి ఎవరు కావాలన్నాడు. ఎవరికోసమో ఎదురుచూస్తున్నానంది. రెండోసారి వచ్చి వెళ్లిపొమ్మన్నాడు. ఆమె నాలుగడుగులు వేసి, వాడు లోపలికి వెళ్లగానే మళ్లీ వచ్చి నిలబడింది. మూడోసారి వాడు రాలేదు. పోలీసు బైకు వచ్చింది.

కానిస్టేబుల్‌ది పెద్ద గొంతేమీ కాదు. ఈడ నిలబడి ఏం చేస్తున్నవమ్మా అని మామూలుగానే అడిగాడు. సినిమాల్లో పోలీసులను తప్పించుకుంటూ నాగేశ్వరి ఎన్ని కార్లు నడిపిందో లెక్కలేదు. ఇప్పుడు కాలు తీసి కాలు వేయలేకపోయింది. లైసెన్స్ తెచ్చే పోస్ట్‌మ్యాన్ కోసమని గొణిగింది. అతను ఆధార్ అడిగాడు. అంతా అయిపోయిందనుకుంది. వణికే చేతులతో బ్యాగులోంచి తీసిచ్చింది.

అతను ఫోటో చూసి మొహం చిట్లించాడు. తర్వాత చిరునామా చదివాడు. తలెత్తి నల్లరాతి పలక చూశాడు. మళ్లీ కార్డు చూశాడు. వాచ్‌మన్‌ను పిలిచి, ఇంట్ల మనిషినే గుర్తుపట్టవా అని కసిరాడు.

"నీ ఇల్లయితే రోడ్డు మీద ఎందుకుంటవమ్మా? పో, లోపలికి పో," అన్నాడు కానిస్టేబుల్.

గేటు సగం తెరిచే ఉంది. తల ఊపితే చాలు, ఈ గండం గడుస్తుంది. కౌంటరు దగ్గర గడిచినట్టే. కానీ ఊపాక లోపలికి నడవాలి కదా, లోపలున్నది ఎవరో కూడా ఆమెకు తెలియదు. ఆ రెండు భయాల్లో ఏది పెద్దదో తేలేలోపే నోట్లోంచి నిజం జారిపోయింది.

"ఉండేదాన్నండి. ఇప్పుడు లేను."

మరి లైసెన్స్‌కు ఈ చిరునామా ఎట్ల ఇచ్చినవని అతను అడిగాడు. నాగేశ్వరి కంపెనీ సంగతీ, కాశీవిశ్వనాథం సంగతీ, బాలనర్సయ్య సంగతీ తడబడుతూ మొత్తం కక్కేసింది. ఆమె చెబుతుండగానే గేటులోంచి పళ్ల డాక్టరు త్రిపురసుందరి బయటికి వచ్చింది. యాభై దాటిన మనిషి, ఖరీదైన కళ్లద్దాలు. కానిస్టేబుల్ చేతిలోంచి కార్డు తీసుకుని చదివింది. చదువుతుంటే ఆవిడ వేళ్లు వణికాయి.

కోపమేమోననుకుంది నాగేశ్వరి. కాదు. ఆ వణుకు ఆమెకు బాగా తెలుసు, ఇందాకటి నుంచీ అది తన చేతుల్లో ఉన్నదే. ఫిల్మ్‌నగర్‌లో ఇల్లున్నవాళ్లందరికీ ఒక భయం ఉంటుంది. ఏదో ఒక పొద్దున ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు కాగితాలతో వచ్చి, ఈ ఇల్లు మాదంటారని. త్రిపురసుందరికి ఆ పొద్దున ఇదే.

"ఎవరు పంపారు మిమ్మల్ని? పాత ఓనర్స్ మనుషులా మీరు?" అంది. గొంతులో తడి లేదు.

నాగేశ్వరి చేతులు జోడించింది. తనకు ఇల్లూ వద్దు వాకిలీ వద్దు, కవరు చేతికొస్తే వెళ్లిపోతానంది. సరిగ్గా అప్పుడే పోస్ట్‌మ్యాన్ స్కూటరు ఆపి, నాగేశ్వరి ఈ ఇంట్లోనే ఉంటారా అని డాక్టరమ్మనే అడిగాడు. డాక్టరమ్మ లేదంటే కవరు వాపసు. వాపసు పోతే తాళంచెవి లేదు, ఆ ఏజెంటు చెప్పిందే నిజమైతే చిన్నికి తల్లి కూడా ఉండదు. త్రిపురసుందరి కానిస్టేబుల్ వంక చూసింది. అవునంటే ఈ మనిషి తన ఇంట్లో ఉన్నట్టు ఒప్పుకున్నట్టే. లేదంటే ఈ మనిషి ఊరుకుంటుందో, కోర్టుకెక్కుతుందో.

చిక్కు విప్పింది కానిస్టేబులే. "మేడం, ఈ ఇంటితోని తనకేం సంబంధం లేదని ఆమెతోని జర రాయించుకోండ్రి. ఆమెది ఆమెకు ఇప్పించుండ్రి," అన్నాడు. నాగేశ్వరి వైపు తిరిగి, తొందరగా అడ్రసు మార్పించుకో, ఫైనేమన్న పడితే పడ్తదన్నాడు. కేసు మాట అనలేదు. ఆమె ఆ మాట కోసమే చాలాసేపు ఎదురుచూసింది, అతను అనలేదు.

త్రిపురసుందరి లోపలికి వెళ్లి తన క్లినిక్ పేరున్న కాగితమూ పెన్నూ తెచ్చింది. ఫోనులో లాయరును అడుగుతూ ఒక్కో వాక్యమూ చెప్పింది. నాగేశ్వరి స్కూటరు సీటు మీద కాగితం పెట్టుకుని రాసింది. ఇంకా చాలా ఇళ్లు తిరగాలని పోస్ట్‌మ్యాన్ సణుగుతూ నిలబడ్డాడు. ఈ ఇంటితో తనకు ఎలాంటి సంబంధమూ లేదనీ, ఇందులో హక్కు గానీ వాటా గానీ లేదనీ, ఒకప్పుడు పనిచేసిన కంపెనీ ఇక్కడ ఉండేది గనుక ఆ చిరునామా కార్డులో ఉండిపోయిందనీ రాసింది. ప్రస్తుతం నేను నివసిస్తున్నది అని రాసి ఆగిపోయింది.

"రాయండి. నిజంగా ఎక్కడుంటున్నారో అదే రాయాలి. లేకపోతే ఇది చెల్లదంటున్నారు," అంది త్రిపురసుందరి.

నాగేశ్వరి రాసింది. రహమత్‌నగర్, పాలకేంద్రం సందు, బాలనర్సయ్య ఇల్లు, రెండో అంతస్తు, నీళ్లట్యాంకు పక్క గది. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. కింద సంతకం చేసింది. డాక్టరమ్మ సంతకం పెట్టి, నమ్మకం చాలక లోపలి నుంచి క్లినిక్ ముద్ర తెప్పించి అది కూడా వేసింది. సాక్షిగా కానిస్టేబుల్ తన పేరు రాశాడు. అప్పుడు డాక్టరమ్మ తల ఊపితే పోస్ట్‌మ్యాన్ సంతకం చేయించుకుని కవరు ఇచ్చేశాడు.

నాగేశ్వరి కవరు విప్పలేదు, చంకలో పెట్టుకుంది. ఆమె కళ్లు కాగితం మీదే ఉన్నాయి. ముగ్గురి చేవ్రాళ్లు, ఒక ముద్ర, మధ్యలో ఆమె గది. తను ఎక్కడుంటుందో ఉన్నది ఉన్నట్టు చెప్పే కాగితం ఈ లోకంలో ఇదొక్కటే. త్రిపురసుందరి దానికోసం చేయి చాచింది. నాగేశ్వరి అంచు వదల్లేదు.

"నాకో కాపీ ఇప్పిస్తారా అండీ?" అంది.