మా మావయ్య తొమ్మిదిసార్లు వచ్చిన జాబితా

మొన్న మా అమ్మాయి ఆఫీసు పని ఇంటికి తెచ్చుకుని, రెండు డేటా టేబుళ్లు కలిపితే ఒక్కో మనిషీ నాలుగేసి వరసల్లో వస్తున్నాడని ల్యాప్‌టాప్ ముందు తల పట్టుకుంటే, నాకు తొంభైల చివర్లో రావులపాలెంలో మేం పెట్టిన కంటి శిబిరం గుర్తొచ్చి, చేతిలో కాఫీ చల్లారిపోయింది.

అప్పుడు నాకు రెండే పిచ్చులు. ఒకటి, ప్రతిదానికీ కారణం ఉండి తీరుతుందని హేతువాద సభల్లో వాస్తు పండితులతో గొంతు చించుకోవడం. రెండోది, రాజమండ్రిలో కొత్తగా నేర్చుకున్న, పట్టికల్ని కలిపి వెతికే కంప్యూటర్ భాష ఎస్‌క్యూఎల్‌ని ఎక్కడ పడితే అక్కడ వాడడం. శిబిరానికి వచ్చినవాళ్ల చీటీ నంబర్లూ పేర్లూ ఒక టేబుల్లోనూ, రక్తపరీక్ష దగ్గర నంబరు లేకుండా ఇంటిపేరూ పేరూ మాత్రమే వేసి రాసిచ్చిన షుగరు అంకెలు ఇంకో టేబుల్లోనూ ఎక్కించాను. ఇంటిపేరూ పేరూ పట్టి రెంటినీ కలిపితే, మర్నాడు ఎవరికి ఆపరేషన్ చెయ్యొచ్చో తేలిపోతుందని డాక్టరు గారికి గొప్పగా చెప్పాను. తీరా చూస్తే జాబితాలో మా మావయ్య పేరు తొమ్మిదిసార్లు ఉంది, కొన్ని వరసల్లో షుగరు మామూలుగానూ, కొన్నింట్లో విపరీతంగానూ.

మావయ్య అప్పటికే కంచంలో కూర ఎటుందో చేత్తో తడుముకుంటున్నాడు. ఏ అంకె నిజమో తేలకపోతే ఇంటికి పంపించేస్తానన్నారు డాక్టరు గారు. పొరపాటున ఎక్కువసార్లు ఎక్కించానేమోనని వెతికాను, కాదు. ఒకేలాంటి వరసల్ని ఒకటి చేసే డిస్టింక్ట్ అని చేర్చి చూశాను. తొమ్మిది వరసలు మూడయ్యాయిగానీ, మూడింట్లోనూ అంకెలు వేరువేరు. షుగరు తీసేస్తే పేరు ఒక్కసారే వచ్చి జాబితా శుభ్రంగా ఉండేదిగానీ, అది ప్రశ్న మీద దుప్పటి కప్పడమే కదా! ఇంతలో మాకు హాలిచ్చిన షావుకారు గారు వచ్చి, "కంప్యూటర్ దక్షిణం చూస్తోందండి, ఓసారి తూర్పుకి తిప్పి చూడండి, పోయేదేముంది" అన్నారు. వాదించడానికి కారణమేదీ చేతిలో లేక, వరసలు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను. అంత అయోమయం నేనెప్పుడూ ఎరగను.

అప్పుడే మైకులో మావయ్య పేరు పిలిచారు. బెంచీ మీంచి ముగ్గురు ముసలాళ్లు ఒక్కసారే లేచి, నువ్వెళ్లరా అంటే నువ్వెళ్లరా అనుకుంటూ నిలబడ్డారు. ముగ్గురూ అన్నదమ్ముల బిడ్డలు. తాతగారి పేరు ప్రతి కొడుకూ తన పెద్దబ్బాయికి పెట్టుకున్నాడు. మావగారి పేరు కోడళ్లు నోటితో అనకూడదు కనక, ఇంట్లో అబ్బులు, చంటి, బుల్లియ్య అయ్యారు. ఊళ్లో ఎవరికీ తికమక లేదు, మిగతా ఇద్దరి అసలు పేర్లు నేనూ ఎప్పుడూ వినలేదు. చచ్చినవాళ్లు మళ్లీ పుట్టరని ఉపన్యాసాలిచ్చే నాకు, తాతగారు ముగ్గురై ఎదురుగా నిలబడ్డారు. ఒక్కొక్కరి చీటీకీ ముగ్గురి షుగరూ అతుక్కుంటే తొమ్మిది కాక ఏమవుతుంది!

షావుకారు గారికి అది చెప్పి, ముగ్గురికీ మళ్లీ పరీక్ష చేయించి, ఈసారి పేరు పక్కన చీటీ నంబరు కూడా రాయించి, ఆ నంబరు పట్టి కలుపుదామన్నాను. మళ్లీ సూదంటే మావయ్య ఒప్పుకోలేదు.

"ఆ షుగరు అబ్బులుగాడిదేరా. పూతరేకులు తప్ప వేరే తీపి ముట్టనురా నేను."

ఎలాగో ఒప్పించి పరీక్ష చేయిస్తే, అది మావయ్యదే. మిగతా ఇద్దరూ ఆపరేషన్‌కి ఉండిపోయారు, ఆయన మాత్రం మందులు తీసుకుని వెనక్కి వెళ్లాడు. షుగరు తగ్గాక తర్వాతి శిబిరంలో ఆపరేషన్ అయి, కట్టు విప్పగానే నా మొహం చూసి, "ఏంటిరా, ఇంత చిక్కిపోయావ్" అన్నాడు.

ఈమధ్య నా కళ్లు చూపించుకోవడానికి రాజమండ్రి వెళ్లాను. అక్కడ పేరు పిలవరు, గోడ మీద నంబరు వెలుగుతుంది. ఎవరి నంబరు వాళ్లది, ఎవరి జబ్బు వాళ్లది. ఏ మనిషీ వాళ్ల తాత కాదు, ఎవరికి వారే అని సభల్లో నేను వాదించిందీ అదే, తప్పు పట్టడానికేం లేదు. అయినా నా నంబరు వెలిగినప్పుడు లేచి, పక్క కుర్చీల్లోంచి ఇంకెవరైనా లేస్తారేమోనని ఓ క్షణం ఆగాను.