తూటా లేని గురి

మా రైఫిల్ క్లబ్బులో నాలా కదలకుండా గురిపెట్టేవాడు లేడని మా గార్డెన్ రీచ్ పేటంతా చెప్పుకునేవారు. సరే, నేనొక్కణ్ణే చెప్పుకునేవాణ్ణి.

పెద్దవాళ్ల పోటీలో పతకం తెస్తానని, దానికి చోటు కోసం మా ఆవిడ చేత టీవీ పక్కనున్న పూలకుండీ తీయించాను. ఇంట్లో ఎయిర్ రైఫిల్‌తో, తూటా పెట్టకుండా గోడకేసి గురి సాధన చేశాను. క్లబ్బులో అందరూ చేసేదే.

పోటీలో ఆఖరి దెబ్బ సరిగ్గా తగిలితే పతకం నాదే. ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్ నొక్కాను. తుపాకీ వెంట్రుకవాసి కదల్లేదు. "దాదా, రాయిలా నిలబడ్డారు," అని మా బెంగాలీ కోచ్ మెచ్చుకున్నాడు. గురి అట్ట చూస్తే కొత్త చిల్లు లేదు.

"ఏటి, గురి తప్పిపోనాదా?" అంది ఇంట్లో మా ఆవిడ.

"గురి తప్పనేదు. తూటా ఎట్టడం మర్సిపోనాను."

"అయితే పతకమూ అలాగే తెచ్చినారు కామోసు," అంటూ పూలకుండీని మళ్లీ టీవీ పక్కన పెట్టింది.