అప్పు లేని గది

నా భార్య పాపను తీసుకొని పుట్టింటికి వెళ్లిన రోజు మేమిద్దరం పోట్లాడుకోలేదు. చుట్టుపక్కల వాళ్లు మాత్రం పోట్లాడుకున్నామనే అనుకున్నారు. మేమూ కాదని చెప్పలేదు. పటాన్‌చెరులో గది ఖాళీ చేసి వేరువేరుగా ఉండాలన్నది ఇద్దరం కలిసి వేసుకున్న లెక్క.

అంతకుముందు వానకాలంలో పాపకు డెంగీ వచ్చింది. ఆస్పత్రి బిల్లు కోసం నా ఏటీఎం కార్డు కుదువ పెట్టాను. బయటివాళ్లకు వింతగా ఉంటుంది కానీ మా ఫ్యాక్టరీల వైపు ఇది మామూలే. బంగారం, భూమి లేనివాడు కార్డు ఇస్తాడు, పిన్ను కూడా చెబుతాడు. జీతం పడే రోజున అప్పిచ్చిన ఆయన చౌరస్తాలో ఏటీఎం ముందు నిలబడతాడు. చొక్కా జేబులో రబ్బరుబ్యాండు వేసిన కార్డుల కట్ట ఉంటుంది. ఒక్కొక్కరి జీతం ఆయనే తీసి, వడ్డీ పట్టుకొని, మిగిలింది చేతిలో పెడతాడు. మనిషి కఠినంగా మాట్లాడడు. "తమ్మీ, బిడ్డ మంచిగున్నదా" అని అడిగేవాడు. అడుగుతూనే నోట్లు లెక్కపెట్టేవాడు.

ఆ మిగిలింది నెలంతా వచ్చేది కాదు. చివరి వారంలో బియ్యానికో గ్యాసుకో మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లేవాణ్ని. అసలు తీరేది కాదు, కార్డు తిరిగి వచ్చేది కాదు.

నేను పదో తరగతితో ఆగిపోయినవాణ్ని. ఆ తర్వాత నాకు వచ్చిన చదువంతా సంగారెడ్డి గ్రంథాలయంలోనే వచ్చింది. ఈ మాట చెప్పుకోవడం నాకు ఇష్టం. వారపు సెలవు రోజున బస్సెక్కి అక్కడికి వెళ్లి, తేనెటీగల గురించి, గ్రహణాల గురించి, పాత కోటల గురించి, చేతికి ఏది దొరికితే అది చదివేవాణ్ని. ఆ చలికాలం మాత్రం ఇంటి జమాఖర్చుల మీద ఒక పాత పుస్తకం తీశాను. దాని అట్ట ఊడిపోయింది. నెలాఖరుకు మిగిలింది దాచుకోవడం కాదు, ముందు దాచి మిగిలినదానితో బతకాలని అందులో రాశారు. ఒక నెల ఖర్చు ఎప్పుడూ ముట్టుకోకుండా పక్కన ఉంటే జీతానికి ముందు ఎవరినీ అడగనక్కర్లేదనీ ఉంది. నాకు దారి కనిపించినట్టయింది. ఇంటికి వచ్చీరాగానే నా భార్యకు వివరంగా చెప్పాను.

ఆమె కూరగాయలు తరుగుతూ అంతా విన్నది.

"గా నెల ఖర్చు యాడికెల్లి తేవాల్నో రాసిండా మీ పుస్తకమాయన?"

"అది రాయలే."

"మరేం సదివినవ్ పొద్దంత?"

నాకు కోపం వచ్చింది. రెండు రోజులు ఆమె దాని మాట ఎత్తలేదు. మూడో రోజు అన్నం పెడుతూ తనే చెప్పింది.

"రూం ఖాళీ చేద్దాం. ఓనరు అడ్వాన్సు వాపస్ ఇస్తడు. అది గాయనకు కట్టి కార్డు తెచ్చుకో. నేను బిడ్డను తీస్కొని మా అమ్మకాడ ఉంట. నువ్వు కంపెనీ పోరగాళ్లతోని ఉండు, కిరాయి తగ్గుతది. కొత్త రూం అడ్వాన్సు, దానిమీదికెల్లి ఒక నెల ఖర్చు, రెండూ జమైనంక పిలువు. అందాక పిలువకు."

"ఎన్ని నెలలు పడ్తదో?"

"నాకేం ఎరుక. పుస్తకాలు సదివేది నువ్వు గదా."

అలా కార్డు నా చేతికి వచ్చింది, వాళ్లు ఊరికి వెళ్లిపోయారు. నేను చేరిన గదిలో మనుషులు ఎక్కువ, చాపలు తక్కువ. ఒకడు షిఫ్టుకు వెళ్తే ఇంకొకడు వాడి చాప మీద పడుకునేవాడు. జీతం పడగానే ముందు పక్కన పెట్టేది తీసి, నా భార్య పేర ఉన్న పోస్టాఫీసు ఖాతాలో వేసేవాణ్ని. నా దగ్గర ఉంచుకోలేదు. ఉంచుకుంటే నా మీద నాకు నమ్మకం లేదు.

పాప నిద్రపోయేటప్పుడు నా చొక్కా రెండో గుండీ పట్టుకొని పడుకునేది. లాగి లాగి దాని దారం వదులైంది. గదిలో ఒకతను సూదీదారం ఇస్తానన్నాడు. నేను వద్దన్నాను. పడుకునేటప్పుడు ఒక్కోసారి ఆ గుండీ నేనే పట్టుకొని పడుకునేవాణ్ని.

మేం కలుసుకునేది కూడా గ్రంథాలయంలోనే. అత్తగారి ఊరు ఇస్మాయిల్‌ఖాన్‌పేట దగ్గర. అటు నుంచి ఆమెకూ ఇటు నుంచి నాకూ సంగారెడ్డి మధ్యలో పడుతుంది. ఆమెకు బస్సు ఉచితం. హోటల్లో కూర్చోవాలంటే చాయ్ అయినా చెప్పాలి, గ్రంథాలయం వరండాలో ఎవరూ ఏమీ అడగరు. ఆమె జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం మూట కట్టుకొని వచ్చేది.

"బాగ చిక్కినవ్."

"రూంల పప్పు నీళ్లలెక్క ఉంటది."

"నీళ్లకైతే పైసలు తీస్కుంటలేరు గదా. తాగు."

నవ్వేవాళ్లం. ఆమె చెయ్యి నా పక్కనే ఉండేది. పత్రికలు చదివే పెద్దమనుషుల ముందు పట్టుకోవడానికి మొహమాటం. మొదట్లో బస్టాండులో విడిపోయేటప్పుడు పాప గుక్కపట్టి ఏడ్చేది. దారంతా ఆ ఏడుపే చెవుల్లో ఉండేది. కొన్ని నెలలకు ఏడవడం మానేసింది. బస్సు కిటికీలోంచి బుద్ధిగా చెయ్యి ఊపేది. అలా మొదటిసారి ఊపిన రోజు, ఏడ్చి ఉంటే బాగుండునని నేను ఎంత కోరుకున్నానో.

ఎండలు మొదలైనప్పుడు ఫ్యాక్టరీకి వెళ్లే దారిలో ఒక గది ఖాళీ అయింది. లోపలే నీళ్ల నల్లా, తలుపు ముందు కాస్త జాగా, ఆ జాగాలో జామచెట్టు. పాప అక్కడ ఆడుకుంటున్నట్టే కనిపించింది. ఇంటి ముసలామె అంది, "పొద్దుమూకేలోపట అడ్వాన్సు ఇస్తే నీదే బిడ్డా. ఇంకో ఇద్దరు అడిగి పోయిన్రు."

అడ్వాన్సుకు సరిపడా జమైంది. కానీ అది ఇస్తే నెల ఖర్చుకు ఏమీ మిగలదు, బియ్యం, గ్యాసు మళ్లీ అప్పు మీదే. చౌరస్తాలో అప్పు ఇచ్చే ఆయన కనిపించాడు. నేను అడగలేదు, నా ముఖం చూసి ఆయనే అడిగాడు.

"ఎన్ని దినాలు ఇడిసి ఉంటవ్ తమ్మీ బిడ్డను? కార్డు ఇయ్యి, పైసలు పట్కపో. రేపే తెచ్చుకో వాళ్లను."

పక్కకు వచ్చి నా భార్యకు ఫోన్ చేశాను.

"నల్లా ఉన్నదా?"

"ఉన్నది. తలుపు ముంగట జామచెట్టు గూడ."

"తీస్కో," అంది.

"కార్డు ఇయ్యాల్సొస్తది."

"ఒక్క నెలే గదా. నాతోని ఇగ కాదయ్యా. రోజు పొద్దుగాల లేస్తె నువ్వు ఉండవు."

ఆమె గొంతు అలా నేను ఎన్నడూ వినలేదు. వద్దని చెప్పే మనిషి ఆమే అనుకొని ఫోన్ చేశాను. ఆమే తీసుకోమంటే ఇక వద్దనడానికి నేను ఒక్కణ్నే మిగిలాను. ఒక్క నెల అని మొదలైందే కదా మాకు ఆస్పత్రి అప్పు. ఆ గదిలో చేరిన నెలే మళ్లీ చివరి వారం వస్తుంది. మళ్లీ ఆ ఏటీఎం ముందు నిలబడతాను.

"వద్దే. ఇంకో రెండు నెలలు," అన్నాను.

"నీ పుస్తకాలు పాడుగాను," అని ఫోన్ పెట్టేసింది.

సాయంత్రానికి ఆ గదిలో ఎవరో దిగారు. తర్వాతి సెలవు రోజున ఆమె సంగారెడ్డి రాలేదు. వరండాలో ఒకే పేజీ తెరిచి పెట్టుకొని గ్రంథాలయం మూసేదాకా కూర్చున్నాను. ఆపై సెలవుకు వచ్చింది. రొట్టెల మూట విప్పుతూ, "ఎంత జమైంది?" అని మాత్రమే అడిగింది. ఇప్పటికీ షిఫ్టుకు వెళ్తూ ఆ జామచెట్టు ఇంటి ముందు నా నడక నెమ్మదిస్తుంది.

వానలు పడ్డాక, ఫ్యాక్టరీకి ఇంకా దూరంగా, మేడ మీద ఒక రేకుల గది తీసుకున్నాం. నీళ్లు కింద నుంచి మోయాలి. అడ్వాన్సు కట్టాక కూడా నెల ఖర్చు అలాగే ఉంది. నా భార్య సామాన్లు సర్దింది, పొయ్యి వెలిగించింది, అన్నం వండింది. అన్ని నెలల తర్వాత ముగ్గురం ఒకే చోట కూర్చొని తిన్నాం. నేను ఏం తిన్నానో గుర్తులేదు, వాళ్లనే చూస్తూ కూర్చున్నాను.

తిన్నాక పాప తన చెప్పులు తెచ్చుకొని కుడిది ఎడమ కాలికి, ఎడమది కుడి కాలికి వేసుకుంది. వెళ్లి గడప దగ్గర కూర్చుంది.

"యాడికి బిడ్డా?" అన్నాను.

"ఇంటికి. అమ్మమ్మ కాడికి."

నా భార్య గరిటె పట్టుకొని అలాగే నిలబడిపోయింది. ఇదే మన ఇల్లని చెప్పబోయి ఆగాను. మనసు ఇంకో చోట ఉన్నవాళ్లకు ఆ మాట ఎక్కదని చాపల గదిలో ఉండి వచ్చిన నాకు తెలుసు. వెళ్లి పాప పక్కన గడప మీద కూర్చున్నాను. తను మెట్ల వైపు చూస్తోంది. నేనూ అటే చూశాను.